కార్నియా ఫంగస్ పుండు: నాటామైసిన్‌తోనే ఉండాలా, మందు మార్చాలా?

వరి నూర్పుల్లో కంట్లో ఊక పడిందనో, చెరకు ఆకు కోసుకుందనో, సరుగుడు రెమ్మ తగిలిందనో మొదలవుతుంది. అనకాపల్లి, చోడవరం వైపు నుంచి విశాఖ చేరేసరికి రెండు మూడు వారాలు గడిచిపోయి, సంచిలో నాలుగు రకాల చుక్కల సీసాలు పోగవుతాయి. నల్లగుడ్డు మీద (అద్దంలాంటి ఆ పైపొరే కార్నియా) తెల్లటి మచ్చ, చుట్టూ ఎరుపు, వెలుతురు చూడలేనంత పోటు. పరీక్ష చేసి "ఇది ఫంగస్" అని చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట: "వీటన్నిటికంటే పవర్ ఎక్కువున్న మందు ఏదండీ?"

మన ప్రాంతంలో తగిలే చాలా కేసులకి మొదటి మందు 5% నాటామైసిన్ చుక్కలే. దానికంటే కొత్తదీ ఖరీదైనదీ అయిన వొరికోనజోల్‌కి తొందరపడి మారితే నష్టపోయేవాళ్లే ఎక్కువ. 'మొండి ఫంగస్' అని పేరు పడ్డ కేసుల్లో తీరిగ్గా ఆరా తీస్తే తరచుగా బయటపడేవి మూడు: చుక్కలు సరిగా పడకపోవడం, స్టెరాయిడ్ కలిసిన మందు పక్కన నడుస్తూ ఉండటం, అసలది ఫంగసే కాకపోవడం. మందు పేరు మార్చేలోపు ఈ మూడూ తేలాలి. కింద రాసిన మోతాదులు మీ డాక్టరు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అర్థం కావడానికి. కంటిని స్లిట్ ల్యాంప్‌లో (కంటి డాక్టరు దగ్గరుండే, కన్నుని పెద్దగా చూపే యంత్రం) చూడకుండా ఇందులో ఏదీ సొంతంగా మొదలుపెట్టకండి.

ముందు స్లైడు, తర్వాతే సీసా

కంటికి మత్తు చుక్క వేసి, పుండు అంచు నుంచీ అడుగు నుంచీ సన్నని బ్లేడుతో కొద్దిగా గీకి గాజు పలక మీద పరుస్తారు. 10% కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ దారాలు కొద్ది నిమిషాల్లోనే కనిపిస్తాయి. అదే నమూనాని కల్చర్‌కీ, అంటే ప్లేటులో పెంచి ఏ జీవో తేల్చడానికీ, పెడతారు. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ రకాలు సాధారణంగా రెండు మూడు రోజుల్లో పెరుగుతాయి. నెమ్మదిగా పెరిగే రకాల కోసం రెండు వారాల దాకా ప్లేటు ఉంచుతారు. నొప్పి పుడుతుందేమోనని ఈ గీకుడుకి ఒప్పుకోనివాళ్లు ఉంటారు. మత్తు చుక్క ఉంటుంది కాబట్టి పెద్దగా తెలియదు. పైగా గీకడమే సగం వైద్యం: పుండు మీద పేరుకున్న కుళ్లు, ఫంగస్ గుట్ట తొలగిపోతే చుక్కల మందు లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది. అందుకే కొందరు డాక్టర్లు రెండు మూడు రోజులకోసారి మళ్లీ గీకుతారు.

ఏ ఫంగస్ అన్నది మందు ఎంపికని నిజంగా మారుస్తుంది. దక్షిణ భారతంలో ముందువరసలో ఉండేవి ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్. ఫ్యుజేరియం అని తేలితే నాటామైసిన్ వదలకూడదు. ఆస్పర్‌జిల్లస్ అయితే నాటామైసిన్, యాంఫోటెరిసిన్ (ఇంకో ఫంగస్ మందు), వొరికోనజోల్ మూడింటికీ చోటుంది. క్యాండిడా అయితే యాంఫోటెరిసిన్ ముందుకొస్తుంది. సెడోస్పోరియం, పర్ప్యూరియోసిలియం వంటి అరుదైనవి తగిలితే యాంఫోటెరిసిన్ పెద్దగా పనిచేయదు, అక్కడ వొరికోనజోల్ అసలు అక్కరకొస్తుంది. అందుకని ఆసుపత్రి మారినా, ఊరు మారినా స్లైడులో ఏం కనిపించిందో, కల్చర్ ఏమని వచ్చిందో కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి.

నాటామైసిన్: పాతదే, కానీ పుండుని అంటిపెట్టుకుంటుంది

దక్షిణాఫ్రికాలోని నటాల్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1950లలో తీసిన మందు ఇది, పేరు కూడా ఆ ప్రాంతానిదే. జున్ను మీద బూజు పట్టకుండా పూసేదీ ఇదే పదార్థం. అమెరికాలో కంటి ఫంగస్ కోసం 1978లో అనుమతి వచ్చింది. ఫంగస్ పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థానికి అతుక్కుని పనిచేస్తుంది.

దీని లోపం అందరికీ తెలిసిందే: అణువు పెద్దది, నీళ్లలో కరగదు, లోతుకి దిగదు. సీసాలో పాలలాగా కనిపించేది ద్రావణం కాదు, నీళ్లలో తేలే పొడి. వాడకంలో తప్పులు మొదలయ్యేదీ ఇక్కడే. సీసా ఓ మూల గంటసేపు నిలబడి ఉంటే మందంతా అడుగుకి చేరుతుంది. కుదపకుండా పిండితే పడేది దాదాపు ఉత్త నీళ్లు, చివరికి సీసా అడుగున గట్టి ముద్ద మిగులుతుంది. ప్రతిసారీ, అంటే గంటకోసారి వేసే ప్రతిసారీ, బాగా కుదపాలి.

చుక్క వేసే పద్ధతి కూడా చూద్దాం. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి, చూపుడు వేలితో కింది రెప్పని కిందికి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. సీసా మూతి రెప్పకీ వెంట్రుకలకీ తగలకుండా ఆ సంచిలో ఒక్క చుక్క. రెండో చుక్క చెంప మీదికే కారుతుంది. కళ్లు మెల్లగా మూసుకుని రెండు నిమిషాలు ఉండాలి, గట్టిగా నొక్కి మూస్తే మందు బయటికొస్తుంది. ఇంకో మందు ఉంటే కనీసం ఐదు నిమిషాల ఎడం. నీళ్లలాంటి చుక్కలు ముందు, పాలలాంటి నాటామైసిన్ ఆఖరున.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క, అలా మొదటి వారం. తర్వాత రెండు గంటలకోసారి, మొత్తం మూడు వారాలకి తగ్గకుండా. కన్ను తేటపడింది కదా అని పదో రోజున మానేస్తే అడుగున మిగిలిన ఫంగస్ మళ్లీ లేస్తుంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటకోటి అంటే రోజుకి 17 చుక్కలు, వారానికి 119. మిల్లీలీటరుకి దాదాపు 20 చుక్కలు వేసుకున్నా 5 మి.లీ. సీసా వారం లోపే ఖాళీ అవ్వాలి. 3 మి.లీ. సీసా అయితే నాలుగో రోజుకే. మూడు వారాల తర్వాత కూడా మొదటి సీసాలో మందు ఆడుతుంటే మందు పనిచేయలేదనడానికి వీల్లేదు, మందు కంటికి చేరనే లేదు. చుక్కలు వేసే మనిషి పొలానికో కూలికో వెళ్లి సాయంత్రం వచ్చే ఇళ్లలో ఇదే జరుగుతుంది. మొదటి వారం ఆసుపత్రిలో చేర్చుకోవడమే మేలని డాక్టరు అంటే కారణం ఇదే. ఇంట్లోనే వేస్తే గోడకి ఒక కాగితం అంటించి గంటలు రాసి, వేసినప్పుడల్లా టిక్కు పెట్టండి. ఫోనులో అలారం కంటే ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వేసిన చుక్కా తప్పిన చుక్కా రెండూ కళ్లముందుంటాయి.

ఇంకో సంగతి. నాటామైసిన్ పొడి పుండు గుంటలో తెల్లగా పేరుకుంటుంది. "తెలుపు పెరిగిపోయింది" అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. మందు అలా పుండుని పట్టుకుని ఉండటం మంచిదే. పుండు పెరిగిందా, మందు పేరుకుందా అన్నది స్లిట్ ల్యాంప్‌లోనే తేలుతుంది.

వొరికోనజోల్: లోపలికి దిగుతుంది, అయినా ఎందుకు ఓడింది

కాగితం మీద చూస్తే వొరికోనజోల్‌దే పైచేయి. అణువు చిన్నది, కార్నియా దాటి లోపలికి బాగా దిగుతుంది. నాటామైసిన్‌ని ఇది పక్కకి నెట్టేస్తుందని చాలామంది అనుకున్నారు. దక్షిణ భారతంలో 323 మంది రోగులతో 5% నాటామైసిన్‌నీ 1% వొరికోనజోల్‌నీ నేరుగా పోల్చిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. మూడు నెలల తర్వాత చూపు నాటామైసిన్ వాడినవాళ్లకే మెరుగ్గా ఉంది. కార్నియాకి చిల్లు పడటం, అత్యవసరంగా దాన్ని మార్చాల్సి రావడం వొరికోనజోల్ వైపే ఎక్కువ. ఫ్యుజేరియం కేసుల్లో తేడా ఏకంగా చూపు చార్టులో నాలుగు వరసల దాకా ఉంది. మిగతా ఫంగస్‌లలో రెండూ దాదాపు సమానం.

కారణం ఊహించవచ్చు. ఫ్యుజేరియంని ఆపడానికి వొరికోనజోల్ చాలా ఎక్కువ మోతాదులో కావాలి. అది కంట్లోంచి త్వరగా జారిపోతుంది. నాటామైసిన్ ఫంగస్‌ని చంపుతూ పుండులోనే కూర్చుంటుంది.

కాబట్టి వొరికోనజోల్ చుక్కల స్థానం రెండోది. ఫ్యుజేరియం కాదని కల్చర్ చెప్పినప్పుడు, లేదా పుండు లోతుకి దిగి నాటామైసిన్ ఒక్కటీ అందనప్పుడు దాన్ని జత చేస్తారు. నాటామైసిన్ తీసేసి దీని మీదే ఉంచడం అరుదుగానే సబబు. మన దగ్గర ఇది తరచుగా పొడి సీసా, కలిపే ద్రవం సీసా విడివిడిగా వస్తుంది. కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాసి, కాగితంలో చెప్పిన గడువు దాటాక పారేయండి. ఇంజెక్షన్ సీసాతో తయారుచేసేటప్పుడు 200 మి.గ్రా. పొడికి 19 మి.లీ. స్టెరైల్ నీరు కలిపితే సరిగ్గా 1% మందు 20 మి.లీ. వస్తుంది. ఇది ఆసుపత్రి ఫార్మసీలో శుభ్రమైన హుడ్ కింద చేసే పని.

యాంఫోటెరిసిన్: కలపడంలోనే అంతా ఉంది

0.15% యాంఫోటెరిసిన్ చుక్కలు బజారులో తయారుగా దొరకవు, ఇంజెక్షన్ నుంచి కలుపుకోవాలి. 50 మి.గ్రా. సీసాలో 10 మి.లీ. స్టెరైల్ నీరు పోసి, అందులోంచి 3 మి.లీ. తీసి మరో 7 మి.లీ. స్టెరైల్ నీటిలో కలిపితే 10 మి.లీ. చుక్కల మందు తయారు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, కానీ తరచుగా జరుగుతుంది: నీటికి బదులు సెలైన్ పోయడం. ఉప్పు తగలగానే మందు విరిగి తెల్లటి నలుసులుగా అడుగుకి చేరుతుంది. అలాంటి సీసా కంటిలో వేయకూడదు. సరిగా కలిసిన మందు లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. వెలుతురు పడనివ్వకుండా అల్యూమినియం రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి, మామూలుగా వారానికి మించి వాడరు. విశాఖ ఉక్కపోతలో రోజంతా కిటికీ మీద పెట్టిన సీసా మీద నమ్మకం పెట్టుకోలేం.

కంటిని మండించే గుణం దీనికి ఎక్కువ. క్యాండిడాకి మొదటి ఎంపిక, ఆస్పర్‌జిల్లస్‌కి మంచి తోడు, ఫ్యుజేరియంకి నాటామైసిన్ కంటే వెనకే. కంటి లోపలికి ఫంగస్ చొచ్చుకుపోతే 5 నుంచి 10 మైక్రోగ్రాములు కంటి ముందు గదిలోకి (కార్నియా వెనక నీరుండే చోటు) సూదితో ఇవ్వడం కూడా ఉంది, అది ఆపరేషన్ థియేటర్ వ్యవహారం.

మాత్రలు, సూదులు: ఎప్పుడు అవసరం, ఎప్పుడు అలవాటు

మాత్ర వేస్తే లోపలి నుంచి కూడా పని చేస్తుంది కదా అన్న మాట వినసొంపుగానే ఉంటుంది. 2016లో వెలువడిన మరో పెద్ద పరీక్షలో, దక్షిణ భారతం, నేపాల్‌లలో తీవ్రమైన పుండ్లున్న 240 మందిలో చుక్కలకి తోడుగా కొందరికి వొరికోనజోల్ మాత్ర, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. చిల్లు పడటం, కార్నియా మార్పిడి రెండు వైపులా ఒక్కటే. లివర్ ఎంజైములు పెరగడం, చూపులో తేడాలు మాత్రం మందు మాత్ర వైపు బాగా ఎక్కువ. ఫ్యుజేరియం కేసుల్లో కొంత లాభం ఉండవచ్చన్న సూచన మాత్రమే మిగిలింది. అందరికీ మాత్రలు రాసే అలవాటు ఆ తర్వాత తగ్గాల్సింది, కానీ అంతగా తగ్గలేదు.

పుండు చాలా లోతుగా ఉన్నప్పుడు, తెల్లగుడ్డు అంచు దాకా పాకినప్పుడు మాత్ర సమంజసం. వొరికోనజోల్ అయితే మొదటి రోజు 400 మి.గ్రా. రెండు పూటలు, తర్వాత 200 మి.గ్రా. రెండు పూటలు, భోజనానికి గంట ముందు లేదా గంట తర్వాత. మరో ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్‌ది సరిగ్గా తలకిందులు, కడుపునిండా తిన్నాక వేసుకోవాలి, గ్యాస్ మాత్రలు దగ్గరగా పడితే ఒంటికి పట్టదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఇట్రాకొనజోల్ వద్దు. మొదలుపెట్టేముందు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్షలు చూడాలి, రెండు వారాలకి మళ్లీ చూడాలి. రోజూ తాగే అలవాటుంటే దాచకుండా చెప్పండి.

దాచకూడనివి ఇంకా ఉన్నాయి. టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకి కార్బమజెపిన్ వాడేవాళ్లకి వొరికోనజోల్ పనికిరాదు. షుగరుకి గ్లిపిజైడ్ వంటి మాత్రలు వాడేవాళ్లకి షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. రక్తం పలచబడే వార్ఫరిన్, కొలెస్టరాల్‌కి సింవాస్టాటిన్ ఉంటే డాక్టరుకి ముందే తెలియాలి. వొరికోనజోల్ మీద ఉన్నన్నాళ్లూ ఎండకి చర్మం మాడినట్టు అవుతుంది. బీచ్ రోడ్డు మీద బండి పెట్టుకుని రోజంతా ఎండలో నిలబడేవాళ్లకిది చిన్న విషయం కాదు.

పుండు చుట్టూ కార్నియా మందంలోకే వొరికోనజోల్ ఎక్కించే పద్ధతి కూడా ఉంది: 30 గేజి సూదితో 0.1 మి.లీ.లో 50 మైక్రోగ్రాములు, పుండు చుట్టూ నాలుగైదు చోట్ల, అవసరాన్ని బట్టి మూడు రోజుల తర్వాత మళ్లీ. నాటామైసిన్‌కి లొంగని లోతైన పుండులో ఆఖరి ప్రయత్నంగా ఇది ఉపయోగపడుతుంది. మొదటి రోజు నుంచే అందరికీ ఇస్తే లాభం కనిపించలేదని, చిల్లు పడే ప్రమాదం పెరిగిందని పరీక్షల్లో తేలింది. కార్నియా ఇప్పటికే పలచబడి ఉంటే సూది మాట ఎత్తకపోవడమే మంచిది.

వారం దాటినా తగ్గకపోతే

ఫంగస్ పుండు నెమ్మదిగా మానుతుంది. మొదట తగ్గేది నొప్పి. తర్వాత ఈకల్లా చెదిరినట్టున్న అంచులు మొద్దుబారి గుండ్రంగా అవుతాయి, పక్కన విడిగా ఉన్న చిన్న చుక్కలు మాయమవుతాయి. తెలుపు తగ్గడం ఆఖరున. వారానికి సైజు అలాగే ఉండి, అంచులు ముద్దగా అయితే మందు పనిచేస్తున్నట్టే లెక్క. మచ్చ పాకుతున్నా, కంటి లోపల చీము మట్టం లేస్తున్నా, కార్నియా పలచబడుతున్నా అప్పుడు ఆలోచించాలి.

మొదట సీసాలన్నీ బల్ల మీద పెట్టి పేర్లు చదవాలి. డెక్సామెథజోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథజోన్, లోటెప్రెడ్నాల్ ఇవన్నీ స్టెరాయిడ్లే, ఏ మూలన కనిపించినా ఆపాలి. "కన్ను ఎర్రగా ఉంది, చుక్కల మందివ్వు బాబూ" అని అడిగితే చాలా దుకాణాల్లో చేతికొచ్చేది యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన సీసానే. రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, ఆ హాయిలో ఫంగస్ లోతుకి దిగుతుంది. కంటికి కట్టు కట్టడం, ఆముదం, చనుబాలు పోయడం కూడా ఇప్పుడే మానాలి.

రెండోది, రోగం పేరు మళ్లీ చూడటం. పైథియం అనే జీవి అచ్చం ఫంగస్‌లాగే దారాలతో ఉంటుంది, కేఓహెచ్ స్లైడులో అనుభవం ఉన్నవాళ్లని కూడా మోసం చేస్తుంది. ఫంగస్ కాదు, దాని పొరలో ఎర్గోస్టెరాల్ లేదు, కాబట్టి నాటామైసిన్ ఎంత పోసినా ఫలితం ఉండదు. వెడల్పుగా, రిబ్బన్లలా, అడ్డగోడలు పెద్దగా లేని దారాలు కనిపిస్తే, పుండు నుంచి చుట్టూ తీగల్లా చారలు పాకుతుంటే దాన్ని అనుమానించాలి. దానికి వాడేవి బ్యాక్టీరియా మందులు: 0.2% లినజోలిడ్, 1% అజిత్రోమైసిన్ చుక్కలు, నోటి ద్వారా అజిత్రోమైసిన్. అయినా చాలా కేసులు కార్నియా మార్పిడి దాకా వెళతాయి. చెరువునీళ్లలో స్నానంతో, కాంటాక్ట్ లెన్సుతో వచ్చే అకాంతమీబా అనే సూక్ష్మజీవి మరో మారువేషం. దానికి 0.02% పీహెచ్‌ఎంబీ లేదా క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక చుక్కలు వాడతారు. అదే క్లోర్‌హెక్సిడిన్ గాఢత పెంచి 0.2%గా ఫంగస్‌కి వాడి చూస్తే నేపాల్‌లో జరిగిన పరీక్షలో నాటామైసినే గెలిచింది.

అన్నీ సరిగా జరిగినా రెండు మూడు వారాలకి పుండు పాకుతూనే ఉంటే, తెల్లగుడ్డు అంచుకి ఒక మిల్లీమీటరు దూరానికి చేరితే, ఇంకో మందు కోసం వెతకడం మాని కార్నియా మార్పిడికి ఒప్పుకోవాలి. అంచు దాటాక ఆపరేషన్ చేసినా ఫంగస్ వెనక మిగిలిపోతుంది. చిన్న చిల్లు, రెండు మిల్లీమీటర్ల లోపుదైతే, సయనోఅక్రిలేట్ జిగురుతో మూసి పైన కట్టు లెన్సు పెట్టి కొన్ని వారాలు నెట్టుకు రావచ్చు. మార్పిడిలో తెల్లబడిన భాగం కంటే అర నుంచి ఒక మిల్లీమీటరు వెడల్పుగా కోసి తీస్తారు. ఇది చూపు కోసం చేసే ఆపరేషన్ కాదు, కన్ను దక్కించుకోవడానికి. ఆ తర్వాత మొదటి రెండు వారాలు మామూలు మార్పిడిలోలా స్టెరాయిడ్ వేయరు, యాంటీఫంగల్ చుక్కలే నడుస్తాయి. చూపు కోసం మరో మార్పిడి నెలల తర్వాత సంగతి.

విశాఖలో హనుమంతవాక కూడలి దగ్గరి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కార్నియా విభాగం, మొహ్సిన్ ఐ బ్యాంక్ ఉన్నాయి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కూడా ఉంది. ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఆపరేషన్ మాట రాకముందే ఆరోగ్యమిత్ర దగ్గర కనుక్కోండి, చిల్లు పడ్డ రోజున కాగితాల కోసం తిరగడం కష్టం. వచ్చేటప్పుడు ఖాళీ సీసాలతో సహా వాడిన మందులన్నీ, వేసుకునే మాత్రల చీటీ, పాత స్లైడు రిపోర్టు తీసుకురండి. ఖాళీ సీసాలు ఎన్నో లెక్కపెడితే డాక్టరుకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.